ఒకే నడుము, రెండు బొమ్మలు

డిస్క్ జారి, నొప్పి నడుములోంచి పిక్కదాకా దిగిన మనిషి సర్జన్ దగ్గరికి ఎమ్మారై కవరు పట్టుకుని వస్తాడు. ఒక్కోసారి సీటీ కవరూ ఉంటుంది. రెంటినీ లైట్‌బాక్సు మీద పక్కపక్కన పెట్టి, మనసులోనే ఒకదాని మీద ఒకటి పరుచుకోవడం సర్జన్ల పాత అలవాటు. ఆ పరచడాన్ని మనసులోంచి తెర మీదికి తెచ్చారు. ఆ పనితనం నన్ను కట్టిపడేసింది.

ఒక్క బొమ్మ ఎందుకు చాలదు? ఎక్స్‌రే ఎక్కడ ఎంత ఆగిందో సీటీ లెక్కగడుతుంది. 1971లో లండన్‌లో తొలి రోగికి ఈ స్కాన్ తీసినప్పుడు వాడిన యంత్రం గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌ది. కొలమానానికీ ఆయన పేరే పెట్టారు: నీరు 0, గాలి మైనస్ 1000, గట్టి ఎముకైతే వందలు దాటి పోతుంది. డిస్కూ, నరమూ, కండా మాత్రం నీటికి కాస్త పైన దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి, విడదీసి చూడటం కష్టం. ఎమ్మారై తీరు వేరు. అది వినేది నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ మాట. నరం బయటికొచ్చే కంతలో తెల్లటి కొవ్వు, దాని నడుమ బూడిదరంగు చుక్కలా నరం, చక్కగా కనబడతాయి. గట్టి ఎముక పైపొర మాత్రం నల్లగా ఉంటుంది. లిగమెంటూ నలుపే. ఆ రెండు నలుపుల మధ్య ఎముక అంచు ఎక్కడో తేల్చాలంటే కళ్లు చికిలించాల్సిందే.

వీపు తెరిచి చేసే ఆపరేషన్‌లో ఈ సందేహం అక్కడికక్కడే తీరుతుంది. ఎండోస్కోపుతో పక్కనుంచి వెళ్లేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. సెంటీమీటరు లోపు కోత, అందులోంచి ఏడెనిమిది మిల్లీమీటర్ల గొట్టం. అది దిగవలసిన చోటు ఒక చిన్న త్రికోణం. ఫిలడెల్ఫియాలో పనిచేసిన సర్జన్ పర్విజ్ కాంబిన్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఏటవాలు గీత బయటికి జారే నరం, అడుగు కింది పూస పైఅంచు, లోపలి గోడ వెన్నుపాము సంచి వైపు. పుస్తకంలో అది అందరికీ ఒకటే, మనుషుల్లో కాదు. డిస్క్ అరిగి పూసలు దగ్గరపడితే త్రికోణం కుదించుకుపోతుంది. అన్నిటికన్నా కింది డిస్కుకైతే తుంటి ఎముక దారికడ్డం నిలబడుతుంది.

అసలు పనితనం అతకడంలో ఉంది. ఒక స్కాన్‌లో మోకాళ్ల కింద దిండు ఉండొచ్చు, ఇంకోదాంట్లో కాళ్లు చాపి ఉండొచ్చు. నడుము వంపు మారిపోతుంది. బొమ్మ మొత్తాన్ని ఒకే ముక్కగా జరిపితే మూడో పూస సరిపడి, అయిదో పూస పక్కకి తప్పుతుంది. వెన్ను వంగుతుంది గాని పూస వంగదు. అందుకే నేర్పరులు ఒక్కో పూసనూ విడిగా పట్టుకుని దాని జోడుతో కలుపుతారు. అయినా ఇక్కడ తెల్లగా ఉన్న ఎముక అక్కడ నల్లగా ఉంటే పోలికెలా తేలేది? 1990ల మధ్యలో దొరికిన ఉపాయం నాకు ఎంతో అందంగా తోస్తుంది: రంగులు సరిపోలాలని అడగొద్దు, ఒక బొమ్మలో రంగు చూసి రెండోదాంట్లో రంగు ఎంత బాగా ఊహించగలమో అడుగు. ఇక్కడి తెలుపుకి ప్రతిచోటా అక్కడ నలుపే ఎదురైతే, పొత్తు కుదిరినట్టే.

ఆ తర్వాత మనిషి పని. పొర తర్వాత పొర, నరం అంచు వెంట గీత గీసుకుంటూ పోవాలి. అది పూర్తయ్యాక తెర మీద తెల్లని ఎముకల మధ్యనుంచి పసుపు నరం దిగుతుంది. అప్పుడు ఊహా గొట్టాన్ని చర్మం నుంచి డిస్కుదాకా నిలబెట్టి తిప్పుతారు. కింది పూస నుంచి పైకి లేచిన కీలు ముక్క అడ్డొస్తే, ఎన్ని మిల్లీమీటర్లు చెక్కాలో ముందే కొలుస్తారు. స్కాన్‌లో వెల్లకిలా ఉన్న మనిషి బల్ల మీద బోర్లా పడుకుంటాడు, మెత్తని భాగాలు కొంత జరుగుతాయి. ఆ సంగతి ఎరిగినవాళ్లు గొట్టానికీ పసుపుగీతకూ మధ్య జాగా వదిలిపెడతారు. బొమ్మ ఎంత అందంగా వచ్చినా దాన్ని పూర్తిగా నమ్మకపోవడం కూడా ఈ పనితనంలో భాగమేనని నా ఉద్దేశం.

కొందరిలో రెండు నరాలు ఒకే మొదలు నుంచి పుట్టి, దగ్గరదగ్గరగా దిగుతాయి. అలాంటి మనిషి బొమ్మలో త్రికోణమంతా పసుపే. ఊహా గొట్టాన్ని ఎటు తిప్పినా తగులుతుంది. అప్పుడు ప్లాన్ వేసేవాళ్లు ఆ గొట్టాన్ని బయటికి లాగేసి, నడుము వెనక రెండు పూసల మధ్య సందులోంచి కొత్త గీత మొదలుపెడతారు.