వెలి ఒక్కటే మందా? మాస్టడాన్ నియంత్రణ సాధనాలు

మాస్టడాన్‌ను మెచ్చుకొనేవారు మొదట చెప్పేది దానికి యజమాని లేడని. అది సగమే నిజం. యూజెన్ రోచ్కో 2016లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా సొంత సర్వర్ నడుపుకోవచ్చు. యాక్టివిటీపబ్ అనే ఉమ్మడి ప్రమాణం వల్ల ఆ సర్వర్లు పరస్పరం సంభాషిస్తాయి. యజమాని లేనిది మొత్తం వ్యవస్థకే. ఒక్కొక్క సర్వర్‌కు మాత్రం ఒక నిర్వాహకుడుంటాడు, చాలాచోట్ల జీతం లేకుండా.

ఇతర సర్వర్లను అదుపు చేయడానికి అతనికున్న సాధనాలు ముఖ్యంగా రెండు. పరిమితం చేస్తే అవతలి టపాలు బహిరంగంగా కనిపించవు, అనుసరించేవారికి అందుతాయి. నిలిపివేస్తే సంబంధమే తెగుతుంది. 2019 జులైలో గ్యాబ్ మాస్టడాన్ సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు అనేక సర్వర్లు, ఏ కేంద్రమూ ఆదేశించకుండానే, దాన్ని వెలివేశాయి. ఈ పద్ధతి సాధించిన అసలైన విజయం అదే. అక్కడ సర్వర్ మొత్తానిదీ ఒకే స్వభావం గనుక ఆ మందు సరిపోయింది.

వేలమంది ఉన్న సర్వర్‌లో నలుగురు దుర్భాషలాడినా, అక్కడి నిర్వాహకుడు పట్టించుకోకపోతే, చివరికి మిగిలేది ఆ మందే. నిర్ణయం ఉపసంహరించుకున్నా తెగిన అనుసరణలు వాటంతట అవి అతుక్కోవు. ఇతరుల నిరోధక జాబితాలను ఒక్కసారిగా దిగుమతి చేసుకొనే వీలు 2023లో, 4.1 రూపంతో వచ్చింది. ఎవరితో బంధం తెగిందో వాడుకరికి తెలిపే సూచన 2024లో, 4.3తో గాని రాలేదు. ఈ వరుసక్రమమే చాలా చెబుతుంది. వెలి సులువైన తర్వాతే వెలిపడ్డవారి సంగతి గుర్తుకొచ్చింది.

నిర్ధారణ విషయంలో లోపం ఇంకా తీవ్రం. 2023 జులైలో స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీ పరిశోధకులు ఈ సమాఖ్యలో రెండు రోజుల పాటు సుమారు 3,25,000 టపాలు పరిశీలిస్తే, అప్పటికే నమోదై ఉన్న బాలల లైంగిక దోపిడీ చిత్రాలతో సరిపోలినవి 112 దొరికాయి. మొదటిది ఐదు నిమిషాల్లోనే. అటువంటి చిత్రాలను పోల్చి పట్టే ఫొటోడీఎన్‌ఏ వంటి సాధనాన్ని పెద్ద సంస్థలు ఏళ్లుగా వాడుతున్నాయి. మాస్టడాన్‌లో అది అంతర్భాగం కాదు.

భాష సంగతి మరొకటి. 2019 నవంబరులో ట్విటర్‌పై కోపంతో చాలామంది భారతీయులు ఇక్కడికి వచ్చారు. తెలుగులో కులం పేరుతో తిట్టిన టపాపై ఫిర్యాదు మొదట ఫిర్యాదుదారు సర్వర్‌కే చేరుతుంది. కోరితే అవతలి సర్వర్‌కూ వెళుతుంది. రెండుచోట్లా తెలుగు వచ్చినవారు లేకపోతే అది తిట్టో పరాచికమో తేల్చేదెవరు? భాష తెలిసినవారికి ఫిర్యాదును మళ్లించే ఏర్పాటు ఆ పెట్టెలో లేదు. తేల్చలేని నిర్వాహకుడు ఫిర్యాదును మూసేస్తాడు, లేదా ఆ సర్వర్‌నే నిలిపివేస్తాడు.