బరువు మోసేది లోపలి గుడ్డే

కొత్త పట్టు జాకెట్టు చేతికి రాగానే అందరూ బోర్డరు ఎలా కుదిరిందో చూస్తారు, మగ్గం పని చూస్తారు. నేను మాత్రం ముందు తిరగేసి చూడమంటాను. కుట్టినవారి పనితనం తెలిసేది లైనింగులోనే.

మా భిలాయ్‌లో ఇలాంటి జాకెట్లు కుట్టించడం మామూలే, దానికి మూలం ఇక్కడి ఉక్కు కర్మాగారం. ఆ కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఎన్నో కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. అందుకే పెళ్లిళ్ల కాలం వస్తే ఇక్కడి క్యాంప్ 2 ప్రాంతంలో కూడా పట్టుచీరలు బయటికొస్తాయి, జాకెట్టు ముక్కలు టైలర్ల దగ్గరికి చేరతాయి.

మంచి టైలరు పట్టుగుడ్డను ముందు ముట్టుకోరు. నూలు లైనింగు గుడ్డను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేస్తారు. ఈ పని ఎగ్గొడితే మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డ కుంచించుకుపోయి పైపట్టు ముడతలు పడుతుంది. ఆ ముడత ఇక ఏ ఇస్త్రీకీ పోదు. కొలతలు వేసి కత్తిరించేది కూడా లైనింగునే. దాన్ని పట్టు మీద పరిచి, చుట్టూ కాస్త ఎక్కువ వదిలి పైగుడ్డ కత్తిరిస్తారు. రెండూ జారకుండా అంచుల వెంట కచ్చా కుట్టు వేశాకే డాట్స్ పడతాయి.

మెడ దగ్గర అసలు పరీక్ష. రెండు గుడ్డల మంచివైపులు ఎదురెదురుగా పెట్టి కుట్టి, వంపు పొడవునా కత్తెరతో చిన్న గాట్లు పెట్టి తిరగేస్తారు. గాటు కుట్టుకు మరీ దగ్గరైతే పట్టు చిరుగుతుంది, దూరమైతే మెడ ఉబ్బుతుంది. చేతుల అంచుకు హెమ్మింగ్ చేసేటప్పుడు సూది పైగుడ్డలో ఒక్క పోగునే పట్టాలి. అప్పుడు బయటికి కుట్టు కనబడదు. పక్క కుట్లు చివరికి వేస్తారు. లోపల గుడ్డ వదిలి, వరసగా మూడు నాలుగు కుట్లు వేస్తారు. రేపు ఒళ్లు వస్తే ఒక వరస విప్పుకుంటే చాలు, ఆ జాకెట్టు మరి కొన్నేళ్లు వస్తుంది.

ఈ జాగ్రత్త కొత్తది కాదు. 1364లో యుద్ధంలో చనిపోయిన ఫ్రెంచి దొర షార్ల్ ద బ్లువాది అని చెప్పే పట్టుచొక్కా ఒకటి లియోన్ వస్త్ర మ్యూజియంలో ఉంది. పైన పట్టు, లోపల నార లైనింగు, మధ్యలో దూది. కాళ్ల తొడుగులను కట్టుకునే తాళ్లు లోపలివైపే కుట్టి ఉంటాయి. లండన్ తవ్వకాల్లో దొరికిన 14వ శతాబ్దపు ఉన్ని దుస్తుల్లో కాజాల అంచు వెనక సన్నని పట్టు పేలిక వేసి కుట్టారు. గుండీ లాగే చోట గుడ్డ సాగకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. మన జాకెట్టులో హుక్కులు పడే పట్టీకి లోపల మరో పొర వేసేదీ అందుకే.

చంక దగ్గర, వీపు దగ్గర లాగుడంతా పడేది లైనింగు మీదే. పలచని పట్టు ఒక్కటే ఆ లాగుడుకు నిలవదు, కుట్టు దగ్గర పోగులు విడిపోతాయి. మగ్గం పని చేస్తే పూసల బరువు కూడా తోడవుతుంది, లైనింగు లేకపోతే వెనకవైపు ముడులు ఒంటికి గుచ్చుకుంటాయి. చెమట పీల్చుకునేదీ లైనింగే. భిలాయ్ ఎండల్లో పెళ్లిపందిట్లో కూర్చున్నవారికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయినా వేలు పోసి చీర కొని, లైనింగు దగ్గరికొచ్చేసరికి మెరుస్తుందని చవక పాలిస్టర్ ముక్క ఇచ్చేస్తున్నాం. అది చెమట పీల్చదు, కుట్టేటప్పుడు జారిపోతుంది. ఇది నాకు బాధ కలిగించే పొదుపు.

ఈసారి జాకెట్టు ఇచ్చేటప్పుడు మంచి నూలు లైనింగు మీరే కొని, తడిపి ఆరేసి ఇవ్వండి. పక్కల గుడ్డ వదలమని చెప్పండి. చేతి హెమ్మింగుకు ఇంకాస్త అడిగితే బేరమాడకుండా ఇవ్వండి, ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది.