ముడి విప్పితేనే విందు

ఉత్తర సోమాలియాలోను, పొరుగున ఉన్న జిబూతీలోను సోమాలీల పెళ్లయిన వారం రోజులకు ఒక తమాషా జరుగుతుంది. పెళ్లికూతురి పుట్టింటివారు ఒక పాత్రకు బట్ట చుట్టి, నవవధువులా ముస్తాబు చేసి, చుట్టూ తాళ్లు బిగించి మగపెళ్లివారి ముందు పెడతారు. దాని పేరు హేడో. తాడు కొయ్యడానికి వీల్లేదు. పెళ్లికొడుకు అత్తగారు వేసిన ముడుల్లో కొస ఎక్కడ దాక్కుందో వెతికి పట్టుకోవాలి. మగవాళ్లు తంటాలు పడుతుంటే ఆడవాళ్లు ఏడిపిస్తారు. ఎట్టకేలకు ముడి వీడాక, ఖర్జూరం ముద్ద కింద నేతిలో ఊరిన మాంసపు తునకలు బయటపడతాయి.

ఆ తునకలే ముక్మద్. ఆవు మాంసాన్నో ఒంటె మాంసాన్నో పొడవాటి బద్దలుగా కోసి ఎండలో వేలాడదీస్తారు. ఆరాక సన్నగా తరిగి, తడి పూర్తిగా ఇగిరేదాకా వేయించి, ఏలకుల వాసన పట్టించిన సుబగ్‌లో, అంటే నెయ్యిలో, ముంచి ఉంచుతారు. తేమ పోయింది, పైన నెయ్యి పేరుకుంది, ఇక గాలి లోపలికి చొరబడదు. మండే ఎండల్లో కూడా నెలల తరబడి చెడదు.

సోమాలీ వంట అనగానే అందరూ హవాష్ గురించే చెబుతారు. జీలకర్ర, ధనియాలు, మిరియాలు, పసుపు, ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క కలిపి దంచిన పొడి అది. కాదనలేం, దాని ఘుమఘుమ అలాంటిది. కానీ ఈ వంటకు ప్రాణం నిలవ చేసే విద్యలో ఉంది. ఒంటెలు, మేకలు, గొర్రెలు తోలుకుంటూ వానను వెతుక్కుంటూ తిరిగే కుటుంబానికి చేతికందిన పాలు, మాంసం పాడవకుండా కాపాడుకోవడమే మొదటి పని.

పాల కుండలను చూస్తే ఆ విద్య లోతు తెలుస్తుంది. డీల్ అనే పాత్రను ఆడవాళ్లు వేళ్ల నార తీసి, పాలు కారనంత బిగువుగా అల్లుతారు. పాలు పోసే ముందు, కొన్ని ప్రత్యేకమైన చెట్ల కొరకంచులతో లోపలి గోడను రుద్ది పొగపట్టిస్తారు. పొగ కుండను శుభ్రం చేస్తుంది, పాలు త్వరగా విరగకుండా ఆపుతుంది, రుచిని కూడా వదిలిపోతుంది. ఆ పొగవాసన లేని పాలు చప్పగా ఉన్నాయని ముఖం చిట్లించే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పొద్దుటి పూట అంజేరో ఉండాల్సిందే. జొన్న, మొక్కజొన్న, గోధుమ పిండ్లలో దొరికినవి కలిపి రాత్రంతా పులియబెడతారు. మన దోసెలాగే పెనం నడుమ పిండి పోసి, గరిటె అడుగుతో గుండ్రంగా బయటికి తిప్పుకుంటూ పోతారు. అయితే నూనె వేసి కరకరలాడించరు, తిరగెయ్యరు. మూత పెట్టి ఆవిరి మీద మగ్గనిస్తారు. పైన కళ్లు కళ్లుగా చిల్లులు పడితేనే పిండి సరిగా పులిసినట్టు. దాని మీద నువ్వుల నూనె, పంచదార వేసుకుని, పైన తేనీరు కూడా పోసుకుని తినేవాళ్లున్నారు. ఆ నూనె పాత రోజుల్లో ఒంటె తిప్పే గానుగ నుంచి వచ్చేది. గానుగ పేరు మాసరో. ఎర్ర అలసందల్లాంటి చిన్న గింజలను గంటల తరబడి ఉడికించే అంబూలోకూ ఇదే నూనె, ఇదే పంచదార.

తీరపు వంట కథ వేరు. హిందూ మహాసముద్రపు వర్తకంతో బియ్యం, సమోసా వచ్చాయి. దక్షిణాన ఇటలీ పాలన సేమ్యా కన్నా లావైన పాస్తాను వదిలివెళ్లింది. సోమాలీలు దాన్ని బాస్తో అని పిలిచి, సాస్‌లో హవాష్ దట్టించి తమ సొంతం చేసేసుకున్నారు. షబెల్లె, జుబ్బా నదుల ఒడ్డున అరటి తోటలు పెరిగాక అన్నంలోనూ, బాస్తోలోనూ అరటిపండు నంజుకోవడం అలవాటైంది. మాంసపు పలావు పక్కన అరటిపండేమిటని వెక్కిరించేవారు ఒక్కసారి కారం చట్నీతో కలిపి తిని చూడాలి.

1991లో ప్రభుత్వం కూలి, అంతర్యుద్ధం ముదిరాక లక్షల మంది నైరోబీకి, లండన్‌కు, టొరంటోకు, అమెరికాలోని మినియాపొలిస్‌కు చేరారు. సోమాలీ భాషకు అధికారిక లిపి వచ్చిందే 1972లో. అందుకే వంట ఎక్కువగా కాగితం మీద కాక తల్లుల చేతుల్లో, కంటి అంచనాలో ఉండిపోయింది. వలస వెళ్లిన ఇంట్లో అమ్మమ్మ లేకపోతే అంచనా కూడా లేనట్టే.

కాబట్టి రాసి పెట్టే పని మొదలైంది. మొగదిషులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన హవా హసన్ 2020లో తెచ్చిన 'ఇన్ బీబీస్ కిచెన్' పుస్తకంలో సోమాలియా సహా ఎనిమిది ఆఫ్రికా దేశాల అమ్మమ్మల వంటలు, మాటలు ఉన్నాయి. మినియాపొలిస్‌లో 2013లో తెరిచిన సోమాలీ మ్యూజియంలో సంచార జీవితపు వస్తువులు కొలువుదీరాయి. 2023లో జిబూతీ ప్రతిపాదనపై యునెస్కో హేడోను, అత్యవసరంగా కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది.

వీటిలో పుస్తకం చేయగల మేలు ఎక్కువే, కానీ అన్ని విద్యలకూ ఒకే మందు పనిచేయదు. అంజేరో ఎక్కడికైనా బతికి వెళుతుంది. మైదా, మిక్సీ ఉంటే చాలు, చలిదేశంలో పులియడానికి కాస్త ఓపిక పట్టాలి. హవాష్ సీసాలో ఇమిడిపోతుంది. డీల్‌కు పొగపెట్టడం మాత్రం అపార్టుమెంటులో కుదిరే పని కాదు, ఫైర్ అలారం ఊరుకోదు. ఫ్రిజ్ వచ్చాక ముక్మద్ అవసరం తీరిపోయి, పెళ్లికీ పండుగకూ పరిమితమైంది. ముడులు వేయడం వచ్చిన అత్తగార్లూ తగ్గిపోతున్నారు. ఆ ముడిని నేర్చుకోవాలంటే తెలిసిన మనిషి పక్కన కూర్చుని, వేసి, విప్పి, మళ్లీ వేయాల్సిందే.