అరవై రెండు శాతం దగ్గర

మొదటిసారి 37 శాతం దగ్గర ఆగింది. రెండోసారి 81 దాకా వచ్చి, ఆశపెట్టి ఆగింది. మూడోసారి 62. అప్పటికి రాత్రి పదకొండున్నర. విజయవాడ వైపు పోయే గూడ్సు ఒకటి మా కిటికీ అద్దాలు గలగలలాడించుకుంటూ వెళ్లిపోయింది. మధిరలో పట్టాల దగ్గర ఇల్లున్నవాళ్లకు అది జోలపాట. ఆ రాత్రి మాత్రం, తెర మీద గీత కదలక నేను కూర్చుంటే, కదిలేదాన్ని దేన్ని చూసినా ఒళ్లు మండింది.

"మళ్లీ మొదట్నుంచి కొట్టు నాన్నా, ఒక్కోసారి అంతే" అన్నాడు హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఫోన్లో. ఈ "మళ్లీ కొట్టు" అనే మాట మీద నాకు చాలా ఏళ్లుగా కోపం ఉంది. ఇవాళ అదంతా వెళ్లగక్కుతాను, కాస్త ఓర్చుకోండి.

మా ఇంటి కంప్యూటర్ 2014 నాటిది, ముక్కలు ముక్కలుగా కొని బిగించుకున్నది. విండోస్ 10తో హాయిగా నడిచేది. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. కావాలంటే ఇంకో ఏడాది రక్షణ అప్‌డేట్లు తీసుకోవచ్చన్నారు గానీ, ఆ తర్వాతైనా సంగతి తేల్చుకోవాల్సిందే. విండోస్ 11 వేసుకుందామంటే అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు అడుగుతుంది. ఇంటెల్ అయితే ప్రాసెసర్ ఎనిమిదో తరానిదో ఆ తర్వాతదో అయి ఉండాలంటుంది. మాది నాలుగో తరం. పెళ్లిచూపుల్లో గోత్రం దగ్గరే సంబంధం తప్పిపోయినట్టయింది. మనిషి బాగానే ఉన్నాడు, పనీ చేస్తాడు, అయినా కుదరదు. అందుకని లినక్స్ మింట్ వేద్దామని కూర్చున్నాను. 62 శాతం దగ్గర ఆగింది దాని సంగతే.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. మా మిరపచేలో బోరు మోటారు ఆగినప్పుడల్లా వచ్చే మెకానిక్ ఉన్నాడు. కంప్యూటర్ ముట్టి ఎరగడు. ఒకసారి మోటారు తిరగడం లేదని కబురు పెట్టి, చైన్ కప్పీ తెప్పించి, పైకి లాగడానికి నలుగురు మనుషుల్ని కూడా పిలిచి ఉంచాను. ఆయన వచ్చి వాళ్లను చూసి నవ్వాడు. "లాగుడు ఆఖర్న సార్. ముందు పైన చూద్దాం" అన్నాడు. టెస్ట్ ల్యాంపు తీసి మూడు ఫేజులూ వస్తున్నాయా చూశాడు. ఫ్యూజులు చూశాడు. స్టార్టర్ డబ్బా విప్పాడు. లోపల బల్లి మాడిపోయి ఉంది. దాన్ని పుల్లతో తీసేసి బటన్ నొక్కితే మోటారు తిరిగింది. ఆ నలుగురికీ టీ ఖర్చు నాది.

ఓఎస్ మళ్లీ మొదట్నుంచి కొట్టడమంటే మోటారు పైకి లాగడమే. ఒక్కోసారి తప్పదు, నిజమే. కానీ స్టార్టర్ డబ్బాలో బల్లి ఉండగా మోటారును పదిసార్లు లాగినా ఫలితం అదే.

మా ఇంట్లో మొదటి బల్లి పెన్‌డ్రైవ్‌లోనే దొరికింది. దించుకున్న ఐఎస్ఓ ఫైలును మామూలు సినిమా ఫైలులా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ వాడుతున్న మనిషినే! ఐఎస్ఓ అంటే ఒక డిస్కు మొత్తానికి తీసిన అచ్చు. దాన్ని రూఫస్ లాంటి ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ మీద పరిస్తేనే కంప్యూటర్ దాన్నుంచి బూట్ అవుతుంది. కాపీ చేస్తే అది మూత తియ్యని డబ్బా. సిగ్గుపడాల్సిన తప్పే గానీ, మన ఊళ్లల్లో "పెన్‌డ్రైవ్ బూట్ అవట్లేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటి కథ ఇదేనని నా అనుమానం.

రెండోది ఇంకా చిత్రం. ఇవాళ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయిన మిషను రేపు పొద్దున బూట్ అయ్యేది కాదు. తేదీ చూస్తే 2014. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది, సీఆర్ 2032. ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఆ అంకెల అర్థం అదే. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ బయాస్ సెట్టింగుల్నీ నిలబెట్టేది అది. రాత్రి స్విచ్చులన్నీ కట్టేసి పడుకునే ఇల్లు మాది, మా నాన్న నాటి అలవాటు. బ్యాటరీ చచ్చింది కాబట్టి స్విచ్చు కట్టేసిన ప్రతి రాత్రీ కంప్యూటర్ తన చదువంతా మరిచిపోయి, పుట్టిన ఏటికి వెళ్లిపోయేది. వాచీల కొట్లో కొత్తది కొని వేస్తే ఆ గొడవ తీరింది.

ఇక ఆ 62 శాతం. ఆగినప్పుడు తెర మీద ఇంగ్లీషులో ఒక పేరా వచ్చింది. మెనూలు తెలుగులో కనబడేలా పెట్టుకున్నాను. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ లాంటి వాళ్ల చలవ వల్ల ఇవాళ లినక్స్ తెలుగులో పలకరిస్తుంది. తిట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషులోనే తిడుతుంది. మనం ఆ పేరాను చదవం. ఎర్రగా ఏదో వచ్చింది అంటాం, ఓకే నొక్కేస్తాం. అంతకుముందు రెండుసార్లూ నేను చేసింది అదే. మూడోసారి కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఫైళ్లు కాపీ చేస్తుంటే చదవడంలోనో రాయడంలోనో తేడా వచ్చిందట. సీడీ పాడై ఉండొచ్చట, దాన్ని తుడవాలట. హార్డ్‌డిస్కు పాతదైతే మార్చాలట. లేదంటే కంప్యూటర్‌ను ఇంకాస్త చల్లటి చోటికి జరపాలట! అక్టోబరు కాబట్టి నవ్వుకున్నాను. మే నెల మధిరలో ఆ సలహా పాటించాలంటే కంప్యూటర్‌ను వైరా ఏట్లో ముంచాలి, అప్పటికి ఏట్లో నీళ్లుంటే.

ఆ పేరాలో అనుమానితులు ముగ్గురు: సీడీ, హార్డ్‌డిస్కు, వేడి. చివరికి తేలిన దొంగ ఆ ముగ్గురిలో లేడు. ఎర్రర్ మెసేజ్ దెబ్బ ఎక్కడ తగిలిందో చెబుతుంది, కొట్టిందెవరో దానికీ తెలియదు. అలాగని చదవకుండా వదిలెయ్యకూడదు. పోలీసులు కూడా దెబ్బ తగిలిన చోటు నుంచే మొదలుపెడతారు.

నాకు ఆధారం దొరికింది ఆ మూడు అంకెల్లో. 37, 81, 62. ఫైలు దించుకునేటప్పుడు పాడైనా, పెన్‌డ్రైవ్‌లో ఒక చోట చెడినా, ఆగుడు కూడా ఇంచుమించు ఒకే చోట ఉంటుంది. రోడ్డు మీద గుంట ఎక్కడుంటే బండి అక్కడే ఎగిరిపడుతుంది గదా. చోటు మారుతోందంటే గుంట రోడ్డులో లేదు, బండిలో ఉంది. అయినా రూఢి చేసుకుందామని ఫైలు ముద్ర సరిచూశాను. ప్రతి ఐఎస్ఓకూ దాన్ని తయారుచేసినవాళ్లు ఎస్‌హెచ్ఏ 256 అని అరవైనాలుగు అక్షరాల ముద్ర ఒకటి ప్రకటిస్తారు. మన దగ్గరున్న ఫైలుకూ ఆ ముద్ర లెక్కగట్టి పోల్చుకోవాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైలు పారెయ్యాలి. నాది అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది.

ఇక బండిలో ముందుగా అనుమానం వచ్చింది ర్యామ్ మీద. పెన్‌డ్రైవ్ నుంచే నడిచే మెమ్‌టెస్ట్ అనే పరీక్ష ఉంది. రాత్రి అది పెట్టి, జీవితంలో మొదటిసారి స్విచ్చులు కట్టకుండా పడుకున్నాను. పొద్దున కాఫీ గ్లాసుతో వచ్చి చూస్తే తెరంతా ఎర్ర గీతలు.

"మరి ఇన్నాళ్లూ బానే నడిచింది గదా?" అంది మా ఆవిడ. మంచి ప్రశ్న. ఓఎస్ పెన్‌డ్రైవ్‌లో గట్టిగా కుదించి కట్టిన మూటలా ఉంటుంది. దాన్ని ర్యామ్‌లో విప్పుతూ డిస్కులో సర్దుతారు. రోజూ వాడుకలో ఒక బిట్టు తారుమారైతే ఫొటోలో ఒక చుక్క రంగు మారుతుందేమో, ఎవరి కంటా పడదు. మూట విప్పేటప్పుడు ఒక్క బిట్టు మారితే ముడి బిగుసుకుంటుంది. ఆ చెడ్డ గది మీదికి ప్రతిసారీ మూటలో వేరే వేరే భాగం వచ్చి పడుతుంది కాబట్టే ఒకసారి 37, ఒకసారి 81.

నాలుగేసి జీబీల ముక్కలు రెండు. ఒకటి తీసి రెండోదాన్ని పరీక్షించాను, శుభ్రం. దాన్ని తీసి మొదటిది పెట్టాను, ఎరుపు. స్లాట్ తప్పేమోనని పక్క స్లాట్‌లో పెట్టాను, అక్కడా ఎరుపే. ముక్క కాళ్లను పిల్లల రబ్బరుతో రుద్దాను, మన వీధి వైద్యం. అరగంట ఆశ చూపించి మళ్లీ ఎర్రబడింది. ఒక్కోసారి ఒక్కటే మార్చడం, ఏది మార్చానో పాత క్యాలెండర్ వెనక రాసుకోవడం, నాకు చేతనైన విద్య ఇంతే. రెండు మార్పులు ఒకేసారి చేస్తే బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలియదు, రేపు మళ్లీ చెడితే ఇవాళ్టి బాగు ఎందుకూ పనికిరాదు.

ఈ లెక్క తెలియకపోతే ఎంత ఖర్చో మా బంధువుల అమ్మాయి ల్యాప్‌టాప్ చెబుతుంది. పదకొండో తరం ఇంటెల్‌ది. విండోస్ మళ్లీ వేస్తుంటే డిస్కే కనబడటం లేదంది. ఒక కొట్టతను డిస్కు పోయిందన్నాడు, కొత్తది కొనమన్నాడు. నేను బయాస్‌లోకి వెళ్లి చూస్తే డిస్కు పేరు నిక్షేపంగా ఉంది. బయాస్‌లో కనబడుతోందంటే ఫేజు వస్తోందన్నమాటే. ఆ తరం మిషన్లలో చాలా వాటికి ఇంటెల్ స్టోరేజి డ్రైవర్ మనమే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, "లోడ్ డ్రైవర్" నొక్కి చూపించాలి. చూపిస్తే డిస్కు వచ్చి కూర్చుంది. ఆ కొట్టతను మోసగాడనుకోను. టెస్ట్ ల్యాంపు తియ్యకుండానే మోటారు లాగాడు, అంతే.

ఒక్క విషయంలో మాత్రం నేను చాదస్తుణ్ణి. పని మొదలుపెట్టే ముందు ఫొటోలున్న రెండో హార్డ్‌డిస్కు కేబుల్ పీకేస్తాను. "సీ ఫార్మాట్ కొడితే డీకి ఏం కాదు" అని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. సీ అనే గీత లోపలే ఫార్మాట్ కొడితే నిజమే. డిస్కు మొత్తం తుడవమనే ఆప్షన్ నొక్కితే సీ, డీ రెండూ ఒకటే గంగలో.

నాకిది 2008లో తెలిసింది. అప్పట్లో అడిగినవాళ్లకు ఉబుంటు సీడీలు పోస్టులో ఉచితంగా వచ్చేవి, 2011 దాకా పంపారు. పోస్ట్‌మ్యాన్ తెచ్చిన కవరు చించి, ఆ ఉత్సాహంలో నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోయి, డిస్కంతా వాడుకోమని చెప్పేశాను. ఇన్‌స్టలేషన్ ఎక్కడా ఆగలేదు, నూరు శాతం పూర్తయింది. డీలో ఉన్న మా మరదలి పెళ్లి ఫొటోలన్నీ పోయాయి. ఆ పెళ్లి ప్రస్తావన ఇప్పటికీ మా ఇంట్లో నా ముందు ఎవరూ తేరు. తెచ్చినా వెంటనే మాట మార్చేస్తారు.

ఇప్పుడు ఈ కాలమ్ టైప్ చేస్తున్నది ఆ పాత మిషను మీదే, నాలుగు జీబీలతో, లినక్స్ మింట్‌లో. కాస్త నిదానం, నాలాగే. 2006 వేసవిలో మధిరలో జరిగిన ఆ పెళ్లికి వచ్చి, భోజనాల దగ్గరైనా సరే ఫొటోలు తీసుకున్నవాళ్లు ఈ పేపర్ చదివేవాళ్లలో ఎవరైనా ఉంటే, దయచేసి ఒక కాపీ పంపండి. పోస్టు ఖర్చు నాది.