తాలు కాయల లెక్క

రాయచూరు జిల్లా అరకేర దగ్గర మా బంధువుల మిరప కళ్లంలో ఈ మధ్య ఒక పూట గడిపాను. కూలీలు తాలు ఏరుతున్నారు. తెల్లబడ్డ కాయలు ఒక కుప్ప, ఎర్రటివి ఒక కుప్ప.

"ఇంత తాలు పోయిందేం అత్తా?" అన్నాను.

"పోవడమేంట్రా! దాని రేటు దానికుంది. తాలు లేని కాపు నేనెక్కడా చూళ్లేదు," అంది.

కంప్యూటర్ చిప్పుల వాళ్ల బాధా ఇదే. చిప్పులు అచ్చయ్యే వేఫర్ అనే 300 మిల్లీమీటర్ల గుండ్రటి సిలికాన్ పలక మీద కంటికి ఆనని లోపం ఎక్కడ పడుతుందో ముందు తెలియదు. పురుగు కాటు పడితే మిరపచేలో ఒక కాయ పోతుంది, పుచ్చతోటలో అదే కాటుకు అంత పండూ పోతుంది. చదరపు సెంటీమీటరుకు సగటున 0.1 లోపం ఉందనుకుందాం. 100 చదరపు మిల్లీమీటర్ల చిప్పులు నూటికి 90 నిలుస్తాయి. 800 చదరపు మిల్లీమీటర్లవైతే 45 దక్కడమే గొప్ప. పైగా సైజుకూ ఒక గట్టుంది. కాంతితో గీతలు అచ్చువేసే యంత్రం ఒక్క విడతలో 26×33 మిల్లీమీటర్లకు మించి వేయలేదు.

ఎన్విడియా హెచ్100 చిప్పు ఆ గట్టు దాకా వచ్చింది, 814 చదరపు మిల్లీమీటర్లు. దాని నమూనాలో లెక్కలు చేసే విభాగాలు 144. సర్వర్లకు అమ్మే పెద్ద రకంలో పనిచేసేవి 132. మిగతా పన్నెండింటిలో ఏదైనా తాలైనా చిప్పు అమ్ముడుపోతుంది.

ఏఎండీ మరో దారి పట్టింది. 2017లో ఎపిక్ ప్రాసెసర్‌ను నాలుగు చిన్న చిప్పులుగా చేసి కలిపింది. ఒకే పెద్ద చిప్పుగా చేసేదానికన్నా మొత్తం విస్తీర్ణం పదో వంతు పెరిగినా, తయారీ ఖర్చు 41 శాతం తగ్గిందని ఆ కంపెనీయే చెప్పింది. మన కొవ్వూరు నుంచి వెళ్లిన రాజా కోడూరి ఇంటెల్‌లో గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపినప్పుడు వచ్చిన పాంటె వెక్కియో అనే ప్రాసెసర్‌లో ముక్కలు ఏకంగా 47. అయితే అతికేటప్పుడు ఒక్క ముక్క చెడ్డదైనా మంచివన్నీ దానితోపాటే పోతాయి. అందుకే ముందే పరీక్షించి ఏరాలి. మళ్లీ కళ్లం పనే!

పనితనమంటే మచ్చ పడకుండా చేయడమని ఇన్నాళ్లూ అనుకున్నాను. పడే మచ్చకు ముందే చోటు చూసిపెట్టడం కూడా పనితనమేనని అక్కడ తెలిసింది.

పొద్దుగూకేసరికి గోతాలు నిండాయి. తాలు గోతం మూతి కూడా అత్త అంతే బిగువుగా కుట్టింది.