నల్లమచ్చ లెక్క

వీణ తీగను మీటితే మనకు వినిపించేది ఒక్క స్వరమే. ఆ తీగ మాత్రం ఒకేసారి చాలా రకాలుగా ఊగుతుంటుంది. తీగంతా కలిసి ఊగడం ఒకటి, రెండు సగాలుగా ఊగడం ఇంకొకటి, మూడు భాగాలుగా, నాలుగు భాగాలుగా ఊగడం మరికొన్ని. ఈ కంపనాల పౌనఃపున్యాలు 1, 2, 3, 4 నిష్పత్తిలో ఉంటాయి. మొదటిది సెకనుకు 130 అయితే పైవి 260, 390, 520. ఇలా పూర్ణసంఖ్యల వరసలో వచ్చే అనుస్వరాలను చెవి విడదీసి వినదు, అన్నిటినీ కలిపి ఒకే శ్రుతిగా తీసుకుంటుంది. గుండ్రటి చట్రానికి బిగించిన తోలు ఈ వరసకు లొంగదు. తీగ మీద అల ముందుకో వెనక్కో పోవాలి, వేరే దారి లేదు. తోలు మీదైతే దెబ్బ తగిలిన చోటి నుంచి నాలుగు వైపులకూ పాకి, గుండ్రటి అంచును తాకి తిరిగి వస్తుంది. ఈ కదలికకు సమీకరణం పద్దెనిమిదో శతాబ్దంలోనే ఆయిలర్ రాశాడు. దాని జవాబులు బెసెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త పేరు మీద చలామణీ అవుతున్న ప్రమేయాల్లో దొరుకుతాయి. అంతటా ఒకే మందం ఉన్న తోలుకు వచ్చే నిష్పత్తులు 1, 1.59, 2.14, 2.30, 2.65, 2.92. ఇవి పూర్ణసంఖ్యల వరసలో ఒదగవు. అందుకే మామూలు డోలు మోగుతుంది గానీ దానికి ఫలానా శ్రుతి అని గట్టిగా చెప్పలేం.

మృదంగం ఈ నియమాన్ని తప్పించుకుంది. దాని కుడి మూత మీదున్న నల్లమచ్చను చాలామంది అలంకారం అనుకుంటారు, కాస్త తెలిసినవాళ్లు బరువు కోసమంటారు. ఆ బరువు ఏం చేస్తుందన్నదే ఇక్కడ విషయం. తోలంతా ఒక్కటిగా పైకీ కిందికీ ఊగే మొదటి కంపనంలో ఎక్కువ కదిలేది నడిమి భాగం. అక్కడ బరువు పెడితే ఆ కంపనం బాగా మందగిస్తుంది. రెండో కంపనంలో తోలు రెండు అర్ధవృత్తాలుగా విడిపోయి ఒక సగం లేస్తే రెండో సగం దిగుతుంది. నడుమ వ్యాసం మీదుగా కదలని గీత ఒకటి ఉంటుంది, భౌతికశాస్త్రంలో దాన్ని అస్పందన రేఖ అంటారు. అందువల్ల నడిమి బరువు దీన్ని కొంతే తగ్గిస్తుంది. రెండు వ్యాసాల మీద కదలిక లేని కంపనానికి కేంద్రం చుట్టూ ఊపు ఇంకా తక్కువ కాబట్టి దాని మీద ప్రభావం మరీ స్వల్పం. అడుగున ఉన్నది ఎక్కువగా, పైవి తక్కువగా దిగితే వాటి మధ్య దూరం పెరుగుతుంది: 1.59 ఉన్నది 2 వైపు, 2.14 ఉన్నది 3 వైపు జరుగుతాయి. మచ్చ ఎంత వెడల్పు ఉండాలి, ఎంత బరువు ఉండాలి అన్నవి సరిగ్గా కుదిరినప్పుడు తోలు తీగలా పలుకుతుంది. ఏ కొంచెం అటూ ఇటూ అయినా పలకదు.

దీన్ని తొలిసారి ప్రయోగశాలకు తీసుకెళ్లింది సి.వి. రామన్. తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్‌గా ఉండటంతో బాల్యం విశాఖపట్నంలో గడిపిన రామన్, కాంతి మీద పని చేసి నోబెల్ అందుకోవడానికి పదేళ్ల ముందే, 1920లో, ఒక సహచరుడితో కలిసి 'నేచర్' పత్రికలో ఈ వాద్యాల గురించి చిన్న వ్యాసం ప్రచురించాడు. 1934లో విపులంగా రాశాడు. తోలు మీద సన్నటి ఇసుక చల్లి వాయిస్తే అది కదలని గీతల మీదికి చేరుతుంది, ఏ దెబ్బకు ఏ కంపనం పుడుతుందో కంటికే కనిపిస్తుంది. రామన్ చూపించిందేమిటంటే, ఈ మూత మీద మొదటి తొమ్మిది రకాల కంపనాలూ తొమ్మిది వేర్వేరు శ్రుతులుగా చెల్లాచెదురు కావు, అయిదు అనుస్వరాలుగా సర్దుకుంటాయి. మూడో అనుస్వరంలో రెండు కంపనాలు ఒకే పౌనఃపున్యంలో కలుస్తాయి, నాలుగో దానిలో రెండు, అయిదో దానిలో మూడు. వాయించేవాడికి దీనివల్ల గొప్ప స్వేచ్ఛ వస్తుంది. 'నం' పలికించేటప్పుడు చూపుడువేలు అంచు మీద కొడుతుంది, ఉంగరపు వేలు మచ్చ పక్కన తోలు మీద తేలిగ్గా ఆనుతుంది. ఆ ఆనించిన వేలు తోలంతా ఒక్కటిగా ఊగే మొదటి కంపనాన్ని అణచేసి, తాను ఉన్న చోటు అస్పందన రేఖగా గల కంపనాన్ని బతకనిస్తుంది. అంటే మృదంగ పాఠంలో మొదటి వారాల్లోనే పిల్లలు నేర్చుకునే వేళ్ల అమరిక, ఏ అనుస్వరం ఉండాలి ఏది పోవాలి అనే ఎంపిక.

ఇరవయ్యేళ్ల తర్వాత, 1954లో, బి.ఎస్. రామకృష్ణ, మన్ మోహన్ సోంధీ దీనికి గణితం సమకూర్చారు. రామకృష్ణ బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ధ్వనిశాస్త్రం బోధించినవారు, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మూతను రెండు సాంద్రతలున్న వృత్తంగా తీసుకుని లెక్క కడితే, మచ్చ వ్యాసార్ధం మొత్తం వ్యాసార్ధంలో దాదాపు 0.4 వంతు, మచ్చ ఉన్న చోటి సాంద్రత మిగతా తోలుకు దాదాపు పది రెట్లు ఉన్నప్పుడు నిష్పత్తులు పూర్ణసంఖ్యలకు బాగా దగ్గరగా వస్తాయని తేలింది. రెండు తెలియని రాశులు, నాలుగైదు షరతులు. రెండింటిని సర్ది అన్ని షరతులనూ ఇంత దగ్గరగా తీర్చగలగడం మామూలుగా జరగదు.

మృదంగం కట్టేవాళ్లు చేరుకున్నది ఈ ఇరుకు చోటుకే. ఇనుము, మాంగనీసు ఉన్న నల్లరాయిని మెత్తగా నూరి, మెత్తగా ఉడికిన అన్నంతో కలిపి ముద్ద చేస్తారు. దాన్ని ఒక్కసారిగా మెత్తరు. పలుచని పూత వేసి, నున్నటి రాయితో రుద్ది ఆరనిచ్చి, దాని మీద మరో పూత. పైపైకి పోయే కొద్దీ పూతల వ్యాసం తగ్గించుకుంటూ వస్తారు కాబట్టి మచ్చ నడుమ ఉబ్బుగా, అంచుల దగ్గర పలుచగా ఉంటుంది. మధ్యమధ్యలో తట్టి వింటూ ఉంటారు. రుద్దేటప్పుడు ముద్దలో సన్నటి పగుళ్లు పుడతాయి. దగ్గర పెట్టుకుని చూస్తే నల్లమచ్చ వల అల్లినట్టు ఉంటుంది. పగుళ్లను లోపం అనుకుంటే పొరపాటే. పగలని ముద్ద తోలును పలకలా బిగదీసి పై కంపనాలను చెడగొడుతుంది. పగిలిన ముద్ద చిన్నచిన్న గింజలుగా తోలుకు అంటుకుని ఉంటుంది కాబట్టి బరువు పెరుగుతుంది, వంగే గుణం పోదు. 1980ల మొదట్లో అమెరికాలో థామస్ రాసింగ్, సైక్స్ పూత పూతకూ పౌనఃపున్యాలు కొలిచి, ముద్ద పెరిగే కొద్దీ అవి అనుస్వరాల వరసకు ఎలా చేరుకుంటాయో నమోదు చేశారు.

శ్రుతి చేయడం కూడా ఇలాంటిదే. కచేరీకి ముందు వాద్యకారుడు మృదంగాన్ని ఒళ్లో తిప్పుకుంటూ అంచు చుట్టూ పదహారు చోట్ల వాయించి, రాయితోనో కొయ్యతోనో అక్కడక్కడ తడుతూ సర్దుతాడు. అంచు అంతటా బిగువు సమానంగా ఉంటే, రెండు అర్ధవృత్తాలుగా ఊగే కంపనం అస్పందన రేఖను ఎటు తిప్పినా అదే శ్రుతి పలుకుతుంది. ఒక పక్క బిగువు హెచ్చితే ఆ కంపనం రెండు దగ్గరి పౌనఃపున్యాలుగా చీలిపోతుంది, రెండూ కలిసి వినిపించి విస్పందనాలు పుడతాయి, నాదం వణుకుతుంది. ఆ పదహారు చోట్లా అతను వింటున్నది ఈ వణుకు పోయిందా లేదా అనే. ఎడమ మూత సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు: అక్కడ తడిపిన రవ్వ ముద్ద చాలు, వాయించే ముందు పెట్టి తర్వాత గీకేస్తారు.

ఇంతవరకూ ఒప్పుకున్నవాళ్లు వెంటనే వేసే ప్రశ్న ఒకటుంది: అయితే మన పూర్వులకు బెసెల్ ప్రమేయాలు తెలుసా? తెలియవు, తెలిసి ఉండాల్సిన అవసరమూ లేదు. నాట్యశాస్త్రం మార్జన, అంటే మూతలకు శ్రుతి కూర్చడం, గురించి చెబుతూ నదీతీరపు నల్లమట్టి పూయమంటుంది. గోధుమ పిండి, యవల పిండి కూడా వాడతారని చెప్పి, దానిలోని కొరతను ఎత్తిచూపుతుంది. ఇది పదార్థాలను పక్కపక్కన పెట్టి విని తేల్చినవాళ్ల మాట. అలాంటి పరీక్షకు సమీకరణం అక్కర్లేదు, జవాబు సరైనదో కాదో తేల్చే కొలబద్ద ఉండాలి. ఈ సంప్రదాయంలో ఆ కొలబద్ద శ్రుతి. గాయకుడి షడ్జంతో కలవని మోత ప్రతి కచేరీలోనూ చెవికి తగులుతుంది కాబట్టి, తప్పు దాక్కోవడానికి చోటుండదు. పూర్వులకు అంతా తెలుసని చాటే గొప్పలు ఈ నైపుణ్యాన్ని నిజానికి తక్కువ చేస్తాయి. ఎక్కడో రాసి ఉన్నదాన్ని చూసి చేశారంటే, విని విని సరిదిద్దిన చేతుల ఘనత ఏముంటుంది?

ఇదంతా కాకతాళీయమేనన్నది రెండో అభ్యంతరం, దానికి పై అంకెలే జవాబు. మూడో అభ్యంతరం కొంచెం బరువైనది: శ్రుతి పలికే డోళ్లు పాశ్చాత్య సంగీతంలోనూ ఉన్నాయి కదా అని. నిజమే. ఆర్కెస్ట్రాలో వాడే టింపనీకి రాగి గిన్నె మీద తోలు బిగిస్తారు. తోలుతో పాటు ఊగే గాలి బరువు దాని కంపనాలను సర్ది, వ్యాసరేఖల మీద విడిపోయే కంపనాలు మూడింటిని దాదాపు 1, 1.5, 2 నిష్పత్తికి తెస్తుంది. తోలంతా ఒక్కటిగా ఊగే కంపనం దాని శ్రుతిలో చేరదు, అది త్వరగా ఆరిపోతుంది. ఆ పరిష్కారం చక్కనిదే, కానీ కంపనాల్లో ఒక తెగను మాత్రమే పట్టుకుంటుంది. మృదంగం మచ్చ అన్ని తెగలనూ ఒక వరసకు తెస్తుంది.

అలాగని శ్రుతి పలకని వాద్యం తక్కువదని నా ఉద్దేశం కాదు. మన డప్పుకు మచ్చ లేదు. మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు, దెబ్బకు వందల అడుగుల దూరం వినిపించాలి, ఎదుట గాయకుడి షడ్జం ఉండదు. పూర్ణసంఖ్యల్లో కుదరని దాని కంపనాలు కలిసి పదునైన మోత పుడుతుంది, ఊరేగింపుకూ దండోరాకూ కావలసింది అదే. డప్పుకు మచ్చ పెడితే అది మంచి డప్పు కాకుండా పోతుంది. ఏ వాద్యం ఏ పరీక్షకు నిలబడాలో దాన్ని వాడే సందర్భం తేలుస్తుంది.

ఈ లెక్క తీర్చినవాళ్ల పేర్లు మాత్రం సంగీత చరిత్రల్లో అరుదు. వాయించినవాళ్లకు బిరుదులు, శాలువలు, సన్మానాలు దక్కాయి. తోలు చెక్కి, ముద్ద రుద్దినవాళ్లు ఎక్కువగా దళితులు, దళిత క్రైస్తవులు. గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో తెచ్చిన 'సెబాస్టియన్ అండ్ సన్స్' ఈ కుటుంబాలను వెతికి రాసిన పుస్తకం. ఇది సామాజిక న్యాయం మాటే, అయినా అక్కడితో ఆగదు. రామకృష్ణ, సోంధీల లెక్కలో మచ్చ అంచు ఒక్కసారిగా తెగిపోతుంది, పగుళ్ల ప్రసక్తి లేదు. అంచును పలుచన చేయడం వల్ల ఏ కంపనం ఎంత మారుతుంది, పగుళ్ల వల ఎంత సన్నగా ఉంటే నాదం ఎంతసేపు నిలుస్తుంది అన్నవి అడగాలంటే, ముద్ద రుద్దే మనిషి పక్కన మైక్రోఫోన్ పెట్టుకుని కూర్చోవాలి. అతని పేరు కూడా ఆ పరిశోధన పత్రంలో రచయితల వరసలో ఉండాలి.