చెప్పింది చెప్పినట్టు

నేర కథలంటే చెవి కోసుకునే పిల్లలు మన ఊళ్లలో తక్కువేం కాదు. డిగ్రీ చేతికొచ్చాక ఆ రంగంలోకే వెళ్దామనుకున్నవాళ్లు మాత్రం గుమ్మంలోనే ఆగిపోతారు. ఫోరెన్సిక్ ల్యాబంటే కెమిస్ట్రీ, బయాలజీ లోతుగా చదివి ఉండాలి. పోలీసంటే పరుగు పందెం, రాత్రి గస్తీ, దెబ్బలకు సిద్ధపడటం. రెండూ మన వల్ల కాదనుకుని ఆ ఇష్టాన్ని టీవీకి అప్పగించేస్తారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు కోర్టుల్లో ఒక పూట కూర్చుంటే వాళ్లకి మూడో దారి కనపడుతుంది. అది రాతపని. మనిషి నోటి నుంచి వచ్చిన మాటని, జరిగిన చోటుని, ఏమీ కలపకుండా, ఏమీ తియ్యకుండా కాగితం మీదకి దించే పని. కేసు నిలబడినా, కూలిపోయినా ఎక్కువగా అక్కడే.

స్టేషన్లో రైటరు, సంఘటన స్థలంలో మధ్యవర్తిగా నిలబడే వీఆర్వో, కోర్టులో స్టెనో, టైపిస్టు, బెంచి క్లర్కు, పబ్లిక్ ప్రాసిక్యూటరు, ముద్దాయి తరఫు వకీలు, ఆయన గుమాస్తా. వీళ్లంతా ఈ పనిలో తలొక చెయ్యి వేసేవాళ్లే. పేపర్లో వీళ్ల పేర్లు రావు. వీళ్ల పనితనం మాత్రం దగ్గరికెళ్లి చూడదగ్గది.

మొదటి మెట్టు ఎఫ్‌ఐఆర్. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత 154 సెక్షన్ ఇప్పుడు 173 అయింది. అసలు సూత్రం మారలేదు. నోటితో చెప్పిన ఫిర్యాదుని రాసుకోవాలి, చదివి వినిపించాలి, చెప్పినవాళ్ల సంతకం తీసుకోవాలి, ఒక కాపీ ఉచితంగా వాళ్ల చేతిలో పెట్టాలి. ‘చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నాను’ అన్న ఆఖరి వాక్యం అందుకే ఉంటుంది. చదువురానివాడి మాట వాడిదిగానే ఉండటానికి చట్టం పెట్టిన కాపలా అది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. కొల్లేటి లంక గ్రామం నుంచి ఒక పెద్దాయన తెల్లారేసరికి స్టేషన్‌కి వచ్చాడు.

“రాత్రెవరో చెరువులో మందు కొట్టేశారండీ. చేపంతా తేలిపోయిందండీ. అది పక్క చెరువోడి పనేనండీ.”

“ముందు కూర్చో బాబాయ్. నువ్వు కళ్లారా చూసింది చెప్పు. ఎవరన్నా చెప్పగా విన్నది తర్వాత చెబుదువుగాని.”

రైటరు అన్న ఈ రెండో మాటలోనే పనితనమంతా ఉంది. చెయ్యి తిరగనివాడైతే ఇలా రాస్తాడు: ‘గుర్తు తెలియని దుండగులు పాతకక్షలు మనసులో పెట్టుకుని, ఉద్దేశపూర్వకంగా విషప్రయోగం గావించినారు.’ వినడానికి గంభీరంగానే ఉంటుంది. అందులో పెద్దాయన చూసింది ఒక్క ముక్క లేదు. గుర్తు తెలియనివాళ్లకి పాతకక్ష ఉందని ఎలా తెలిసిందని వకీలు అడిగితే జవాబూ లేదు. పనిమంతుడు ఇలా రాస్తాడు:

‘రాత్రి 9 గంటలకు నేను గట్టు చుట్టూ తిరిగి వచ్చి షెడ్డులో పడుకున్నాను. తెల్లవారుజామున 4 గంటలకు లేచి చూడగా బొచ్చెలు, శీలావతులు పైకి తేలి ఉన్నాయి. తూర్పు గట్టు మీద మూత లేని డబ్బా ఒకటి ఉంది. దానిని నేను ముట్టుకోలేదు. ఎవరు వేశారో నేను చూడలేదు. పక్క చెరువు వారితో గట్టు విషయమై తగాదా ఉన్నందున వారిపై నాకు అనుమానం ఉంది.’

చూసింది ఒక చోట, అనుమానం ఇంకోచోట. రెండూ పెద్దాయన మాటలే, ఒకదానిలోకి ఇంకోటి జొరబడలేదు. ‘ఎవరు వేశారో నేను చూడలేదు’ అన్న చిన్న వాక్యం ఫిర్యాదిని బలహీనపరుస్తుందని కొత్తవాళ్లు భయపడతారు. నిజానికి మిగతా వాక్యాలన్నిటికీ నమ్మకం తెచ్చేది అదే. పక్క చెరువాయన తప్పు చేయనివాడైతే అతన్ని కాపాడేదీ అదే. కొల్లేటి పని తెలిసిన రైటరు ఇంకో ప్రశ్న కూడా వేస్తాడు: రాత్రి మబ్బు పట్టిందా, ఏరేటర్లు తిరుగుతున్నాయా? నీళ్లలో ఆక్సిజన్ పడిపోయినా తెల్లవారుజామునే చేప తేలుతుంది. ఆ జవాబు కూడా కాగితం మీదకి ఎక్కాలి.

ఎఫ్‌ఐఆర్ ఫారంలో గడులు చూడటానికి పొడిగా ఉంటాయి గానీ ఒక్కోదాని వెనక ఒక్కో తగువు ఉంది. జరిగిన చోటు స్టేషన్‌కి ఏ దిక్కున, ఎంత దూరం? సమాచారం ఎన్ని గంటలకు అందింది? ఆలస్యమైతే ఎందుకు? కోర్టుకి ఏ రోజు, ఎన్నింటికి పంపారు? తులియా కాళి కేసులో సుప్రీంకోర్టు 1972లో చెప్పిన మాట నేటికీ వకీళ్ల నోట వినపడుతూనే ఉంటుంది. తమిళనాడులో జరిగిన ఆ హత్యకేసులో ఫిర్యాదు 20 గంటలకు పైగా ఆలస్యమైంది. ఆలస్యమయ్యేకొద్దీ కల్పనకు చోటు దొరుకుతుందని కోర్టు శంకించింది, ముద్దాయి విడుదలయ్యాడు. అందుకని ‘బతికి ఉన్న చేపను పక్క చెరువులోకి మార్చి, పడవ మీద ఒడ్డుకు చేరి, అక్కడినుంచి ఆటోలో వచ్చేసరికి ఈ వేళ అయినది’ అని రాసిన రైటరు ఏళ్ల తర్వాత జరగబోయే క్రాస్ ఎగ్జామినేషన్‌కి ఆరోజే జవాబు రాసిపెట్టినట్టు.

రైల్లో సామాను పోయిన కేసైతే మరీ చిక్కు. ఏలూరులో ఎక్కి, తాడేపల్లిగూడెంలో దిగబోతూ చూసుకుంటే బ్యాగు లేదు. ఎక్కడ పోయిందమ్మా అంటే ఆవిడకి ఎలా తెలుస్తుంది? బ్యాగు ఆఖరుసారి ఎక్కడ చూశారు, దెందులూరు దాటాకా, భీమడోలు దాటాకా? పోయిందని ఎప్పుడు తెలిసింది? ఈ రెండు కొసలూ దొరికితే నేరం మధ్యలో ఇరుక్కుంటుంది. ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని కొత్త సంహిత స్పష్టంగానే చెప్పింది. సరిహద్దు పేరు చెప్పి తిప్పి పంపడానికి లేదు.

రెండో మెట్టు సంఘటన స్థలం. అక్కడ రాసేదాన్నే మధ్యవర్తుల రిపోర్టు అంటారు, పంచనామా అంటారు. ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు లేదా వీఆర్వోల సమక్షంలో చోటుని మాటల్లో పెట్టడం. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు రాసి, పక్కన ఒక రఫ్ స్కెచ్ గీస్తారు. కొల్లేటిలో ఇది మామూలు పరీక్ష కాదు. ఎటు చూసినా నీళ్లే, ఎటు చూసినా ఒకేలాంటి గట్టు. సర్వే నంబరు, పక్కన పారే డ్రెయిను, కరెంటు స్తంభం మీది నంబరు, తూము ఉన్న మూల, రోడ్డు నుంచి అడుగుల్లో దూరం. ఇవి పట్టుకోకపోతే ఏడాది తర్వాత ఆ చోటు ఎవరికీ దొరకదు.

చోటు మారితే నేరమే మారిపోతుంది. కొల్లేటిలో ప్లస్ 5 కాంటూరు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లు 1999లో అభయారణ్యమైంది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకి ఎక్కింది. 2006లో ప్రభుత్వం అక్కడి చేపల చెరువుల గట్లను కొట్టించింది. ఆ గీత లోపల పక్షుల ఆవాసాన్ని చెరిచి చెరువు తవ్వితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. గీత బయటైతే అభయారణ్యం పేరుతో ఆ కేసు రాదు. కొలతలు తీసేది సర్వేయరు. ఆ కొలతకీ, తవ్విన గట్టుకీ, అక్కడ నిలబెట్టిన యంత్రానికీ ముడివేసేది రిపోర్టు రాసినవాడు.

సోదాలు, స్వాధీనాలు వీడియో తీయాలని కొత్త సంహిత 105 సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఇక రాత ఎందుకనిపించవచ్చు. వీడియోలో డబ్బా కనపడుతుంది. అది ఏ గట్టు మీద, తూముకి ఎంత దూరంలో, మూతతోనా మూత లేకుండానా అన్నది మాటల్లోనే స్థిరపడుతుంది. ఆ డబ్బానీ, నీళ్ల నమూనా సీసాల్నీ కట్టి, చీటీ అంటించి, మధ్యవర్తుల సంతకాలు పెట్టించి, లక్క సీలు వేసి పంపిస్తారు. లోపలున్న మందేమిటో తేల్చేది ప్రయోగశాల. చీటీ మీద నంబరు తప్పైతే అక్కడి శాస్త్రజ్ఞుడి శ్రమంతా బూడిదలో పన్నీరే. కెమిస్ట్రీ రానివాడి శ్రద్ధ మీదే కెమిస్ట్రీ తెలిసినవాడి మాట నిలబడి ఉంటుంది.

మూడో మెట్టు కోర్టు. బోనులో సాక్షి నిలబడతాడు. ముద్దాయి వకీలు అడుగుతాడు: “అప్పుడు చీకటి కదా, మనిషి ఎలా కనపడ్డాడు?” సాక్షి అంటాడు: “చీకటేనండీ, టార్చి ఏశానండీ, మొకం చూశాను గానీ పేరు అప్పటికి తెలీదండీ.” రికార్డులోకి ఇలా వెళ్తుంది: ‘ఆ సమయంలో చీకటిగా ఉంది. నేను టార్చిలైటు వేశాను. ఆ వెలుతురులో ముద్దాయి ముఖం చూశాను. అప్పటికి అతని పేరు నాకు తెలియదు.’ నాలుగు వాక్యాలు, నాలుగు సంగతులు. ‘టార్చి వెలుతురులో ముద్దాయిని గుర్తుపట్టాను’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే పేరు తెలియదన్న సంగతి మాయమైపోతుంది. ముద్దాయికి దక్కాల్సిన వాదన దక్కకుండా పోతుంది. సాక్షి ‘కలిపాడంట’ అంటే ‘కలిపాడు’ అని టైపవకూడదు. విన్నదాన్ని చూసినట్టుగా మార్చేసే హక్కు ఎవరికీ లేదు. రికార్డు పూర్తయ్యాక సాక్షికి చదివి వినిపించాలని ఇక్కడా చట్టం అడుగుతుంది. జడ్జి చెబుతుంటే వేగంగా పట్టుకుంటూ, ఈ తేడాలు జారనివ్వని స్టెనో చెవికి దణ్ణం పెట్టాలి.

ఒక్క మాట ఎంత దూరం వెళ్తుందో మన తెలుగువాళ్ల కేసే ఒకటి చెబుతుంది. 1937 మార్చిలో పిఠాపురం దివాను దగ్గర బంట్రోతుగా పనిచేసిన ఒకాయనకు బరంపురం నుంచి ఉత్తరం వచ్చింది. తనకి రావలసిన బాకీ ఇస్తారట, రమ్మన్నారని భార్యకి చెప్పి బయల్దేరాడు. 23వ తేదీన పూరీలో, రైలు మూడో తరగతి పెట్టెలోని ట్రంకులో ఆయన శవం ముక్కలుగా దొరికింది. పాకాల నారాయణస్వామి మీద పెట్టిన ఆ కేసు లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లి, 1939లో లార్డ్ ఆట్కిన్ తీర్పుతో ముగిసింది. భర్త వెళ్తూ చెప్పిన మాట, అతని మరణానికి దారితీసిన పరిస్థితుల్లో భాగమేనని, భార్య చెప్పిన ఆ సాక్ష్యం చెల్లుతుందని తేల్చారు. దర్యాప్తులో ముద్దాయి పోలీసులకు చెప్పిన మాట మాత్రం చెల్లదన్నారు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారన్నది అంత ముఖ్యం. లా కాలేజీల్లో నేటికీ ఈ తీర్పు పాఠమే.

పిల్లల విషయంలో చట్టం ఇంకా సూటిగా చెప్పింది. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలాన్ని బిడ్డ పలికినది పలికినట్టే రాయాలి. రాసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డ అన్న మాటకి పెద్దల మాట అతికించడం కూడా అన్యాయమేనని ఒప్పుకున్న చట్టమిది.

ఇందులోకి రావాలంటే ఏం కావాలి? డిగ్రీ తర్వాత 3 ఏళ్ల లా, ఇంటర్ తర్వాత 5 ఏళ్ల లా ఉన్నాయి. లాసెట్‌కి ఆర్ట్స్ చదివినా, కామర్స్ చదివినా అడ్డు లేదు. అక్కడినుంచి వకీలు, ప్రాసిక్యూటరు, పేదల తరఫున వాదించే లీగల్ ఎయిడ్ న్యాయవాది. కోర్టు టైపిస్టు, స్టెనో అవ్వాలనుకునేవాళ్లకి సాంకేతిక విద్యామండలి పరీక్షలు దారి. టైపు హయ్యర్‌కి నిమిషానికి 45 మాటల వేగం కావాలి. స్టేషన్ రైటరు కావాలంటే మాత్రం ముందు కానిస్టేబుల్‌గా చేరాలి, ఆ పరుగు తప్పదు. ఒంటికి ప్రమాదం లేదు గానీ మనసుకి బరువు ఉంటుంది. శవపంచనామా రాసిన చెయ్యి ఆ రాత్రి అన్నంలో పెట్టడం సులువు కాదు. ఆ సంగతి తెలిసే రావాలి.

విచారణలు బహిరంగంగా జరుగుతాయి. కొన్ని కేసులు తప్ప ఎవరైనా వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోవచ్చు. ఈ రంగం మీద మనసున్నవాళ్లు ఒక ఉదయం అలా వెళ్లండి. సాక్షి మాట విని, మీరైతే ఎలా రాస్తారో మనసులో రాసుకోండి, తర్వాత జడ్జి చెప్పే వాక్యంతో సరిపోల్చుకోండి. ఫిర్యాది బాధ చూసి ఒక మాట ఎక్కువ రాయకుండా, ముద్దాయి మీద కోపంతో ఒక మాట దాచకుండా నిలబడగలిగితే, నేర న్యాయంలో మీకు చోటు ఉంది. అలాంటివాళ్ల అవసరం ఈ రంగానికి ఎప్పుడూ ఉంటుంది.